మొదటి గడిలో నేను రాసిన మాట

నాకు అక్షరాలు వచ్చింది యాభై అయిదు దాటాక. గొప్పకు చెప్పడం లేదు. ఆలస్యంగా నేర్చుకున్నవాళ్ళలో కొందరికి ఒక జబ్బు ఉంటుంది: తమ చేత్తో రాసిందల్లా నిజమని నమ్మేస్తారు. నాకూ ఉండేది. దాని మూలంగా ఒక తండ్రిని ఇంట్లోంచి వెళ్ళగొట్టినంత పని చేశాను.

సూరత్‌లో ఆటిజం ఉన్న పిల్లల ఇళ్ళకు తిరిగి, వాళ్ళ నడవడిక గమనించి నేర్పే మేడం ఒకామె ఉండేది. బిహేవియర్ అనలిస్ట్ అంటారట. హజీరా ఫ్యాక్టరీలో పనిచేసే ఆంధ్రా ఇంజనీరు గారి కూతురు. లింబాయత్‌లో తెలంగాణ నుంచి వలస వచ్చిన మా నేతవాళ్ళ ఇళ్ళకు వస్తే ఆమె మాట తల్లులకు అందేది కాదు, వాళ్ళ మాట ఆమెకు అందేది కాదు. అందుకని నన్ను వెంట పెట్టుకుంది. షేర్ ఆటోలో ఒకరి మీద ఒకరం కూర్చుని ఉన్ అనే పేట దాకా వెళ్ళి, తిరిగి వచ్చి మా సందులన్నీ చుట్టేవాళ్ళం.

ఆమె నాకొక నోటుబుక్కు ఇచ్చింది. పేజీకి మూడు గడులు. పిల్ల ఏడవకముందు ఏం జరిగింది, పిల్ల ఏం చేసింది, తర్వాత పక్కనున్నవాళ్ళు ఏం చేశారు.

"మీకేమనిపించిందో వద్దు పెద్దమ్మగారూ. కంటికి కనబడింది రాయండి చాలు" అనేది.

"కంటికి కనబడిందే గద బిడ్డా మనసుకు అనిపిస్తది" అనేదాన్ని. నవ్వి ఊరుకునేది. నవ్వకుండా తిట్టి ఉంటే బాగుండేది.

మా సందులోనే, నాలుగిళ్ళ అవతల, ఆరేళ్ళ పిల్ల ఒకతి ఉండేది. మాటలు లేవు. వాళ్ళది మేడ మీద ఒకటే గది. కింద మరమగ్గాల కార్ఖానా. మరమగ్గాలను మేం సాంచాలంటాం. తండ్రి వేరే కార్ఖానాలో సాంచాలు నడిపేవాడు. పిల్ల లేవకముందే పోయేవాడు, పడుకున్నాక వచ్చేవాడు. వారానికి ఒకరోజు, అన్ని కార్ఖానాలకూ సెలవున్న నాడు, ఇంట్లో ఉండేవాడు. సరిగ్గా ఆ రోజే పిల్ల మణికట్టు కొరుక్కునేది, గోడకు తల కొట్టుకునేది. కరెంటు పోయినా ఏడ్చేది గానీ, అది ఫ్యాను ఆగినందుకు అనుకున్నాం.

"నేనంటే దానికి పడదవ్వా" అనేవాడు తండ్రి, నవ్వుతూనే. సెలవునాడు పొద్దున్నే బయటపడి రింగ్ రోడ్‌లో మూసిన దుకాణాల మెట్ల మీద కూర్చుని పొద్దుపుచ్చేవాడు. ఆయన పోయినా ఏడుపు ఆగేది కాదు. "పొద్దున మొకం జూసింది గద, గదే సాలు" అనేది పెళ్ళాం. ఆ మాట మేమంతా ఒప్పుకున్నాం!

లాక్‌డౌన్ వచ్చింది. కార్ఖానాలు మూసేశారు. తండ్రి రోజంతా ఇంట్లోనే, పిల్ల రోజంతా ఏడుపే. తల్లి బొంతకని దాచిన చీర ముక్కలతో పిల్ల చేతులు చుట్టి కట్టేది. మేడం రావడానికి లేదు కాబట్టి నన్ను చూసి రాయమంది. మూతికి గుడ్డ కట్టుకుని గడపలో కూర్చుని మూడు రోజులు రాశాను. మొదటి గడిలో: తండ్రి లోపలికి వచ్చాడు. తండ్రి నీళ్ళడిగాడు. తండ్రి దగ్గాడు.

నాలుగో రోజు మొహం మీదే చెప్పాను. "కొడుకా, పుస్తకం నిండ నువ్వే ఉన్నవ్. జర వేరే జాగ జూసుకో."

ఆయన మేడ మెట్ల మీదికి మారాడు. రెండు రోజులకు బట్టల మూట కట్టాడు. "ఊరికి లారీ పోతుందట, ఒక్క జాగ ఉందట. నేను పోత. పిల్ల సల్లబడ్తది."

"మల్లెప్పుడస్తవ్?" అంది పెళ్ళాం.

"అది పెద్దగైనంక."

ఇది నేను మేడంకు ఫోన్లో గర్వంగానే చెప్పాను. ఆమె, "పాప ఊరుకున్నప్పుడు ఏం జరుగుతోందో రాశారా?" అంది.

"ఊకున్నప్పుడు రాసేటందుకు ఏముంటది?"

"అదే కావాలండీ నాకు. లారీ ఎప్పుడు?"

"ఎల్లుండి."

"అయితే రేపంతా ఊరుకున్నప్పుడే రాయండి."

మర్నాడు పదకొండు దాకా రాయడానికేమీ దొరకలేదు. అప్పుడు కింది కార్ఖానా సేటు షట్టరు సగం ఎత్తించి, తుప్పు పట్టకుండా సాంచాలు కాసేపు నడిపించాడు. పిల్ల ఏడుపు మధ్యలో ఆపేసింది. పోయి నేలకు చెంప ఆనించి పడుకుంది. తండ్రి నీళ్ళకని లోపలికొచ్చాడు. పిల్ల కదల్లేదు. గ్లాసు పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. కొంచెం దూరంలో కూర్చున్నాడు. పిల్ల కాలు చాపి ఆయన ఒళ్ళో పెట్టింది. కింద సాంచాలు ఆగాయి. నేను రాయడం ముగించేలోపే మణికట్టు నోట్లోకి పోయింది.

మేడం ఒక్కసారికి నమ్మలేదు. సాంచాల చప్పుడు ఫోన్లో పెట్టి వినిపించమంది. పిల్ల ఫోను తీసి మంచం కిందికి విసిరేసింది.

"పగిలిందా?"

"ఫోను మంచిగనే ఉంది. నీ మాటే నిలువలే."

అప్పుడు నాకు నేలకు ఆనిన ఆ చెంప గుర్తొచ్చింది. చప్పుడు కాదేమో, అదురేమో. మా ఇళ్ళల్లో నేల ఎప్పుడూ అదురుతూనే ఉంటుంది. మా అరికాళ్ళు ఎన్నడో దాన్ని మరచిపోయాయి. మూలన ఆయన పెళ్ళాం కుట్టుమిషన్ ఉంది, కాలితో తొక్కేది. "దారం లేదు, గుడ్డ లేదు, ఊకెనే తొక్కు" అన్నాను తండ్రితో.

"నేనా? నేను కూసుంటె అది..."

"నువ్వే. తొక్కు."

తొక్కాడు. చెక్క అదిరింది. పిల్ల వచ్చి చెక్కకు చెంప ఆనించింది. ఆపితే చెయ్యి నోటి దగ్గరికి పోయింది, తొక్కితే దిగింది. మేడం వీడియోలో చూస్తూ నాలుగుసార్లు ఆపించి, నాలుగుసార్లు తొక్కించింది. నాకే జాలేసింది. ఆమెకు వేయలేదు, అదే మంచిదయింది.

మర్నాడు లారీ సందు మొదట్లో హారన్ కొట్టీ కొట్టీ పోయింది. ఆ తర్వాత వారాల తరబడి ఫోన్లోనే నేర్పింది మేడం: చెయ్యి నోటికి పోకముందే దాన్ని పట్టి తండ్రి మోకాలి మీద తట్టించడం, తట్టగానే ఆయన తొక్కడం. చీర ముక్కలు మళ్ళీ బొంతలోకి పోయాయి.

తప్పు రాసిన పేజీ చింపేస్తానంటే మేడం ఒప్పుకోలేదు. చదవడానికి వచ్చేలా ఒక్క గీత కొట్టి వదలమంది. నేను గీత కొడుతుంటే తండ్రి మిషన్ మీది నుంచి చూశాడు. ఆయనకు చదువు రాదు.

"ఏం గొట్టేస్తున్నవవ్వా?"

దాచలేదు. "తండ్రి లోపలికి వచ్చాడు, అని రాసిన. గది."

"మరి గిప్పుడేం రాసినవ్?"

"కింద సాంచాలు ఆగినయి, అని."

కాళ్ళు ఆపేశాడు. "మరి గిన్నేండ్లు ఛుట్టీ నాడు నేను బయటెందుకు తిరిగినట్టు?"

పిల్ల చెక్క మీంచి చెంప తీయకుండానే చెయ్యి చాపి, ఆయన మోకాలు రెండుసార్లు తట్టింది. ఆయన తొక్కాడు.