శీను గీసిన గీతలో నా పదకొండు రోజులు

నిన్న పొద్దున కూడా రోజులాగే లేచాను. స్నానం, దీపం, తులసికి నీళ్లు. టీ పెట్టుకుని వరండాలో కూర్చుని, ఫోన్‌లో మా చిన్న తమ్ముడు శీను రాస్తున్న పరిశోధన పేపర్ ఫైల్ తెరిచాను.

వాడు ఆరింటికల్లా ఆ ఫైల్‌లో ఉంటాడు. పైన మూలకు ఆకుపచ్చ గుండ్రంలో వాడి పేరు మొదటి అక్షరం వెలుగుతుంది. కోదాడలో వాడు టైప్ చేస్తుంటే గరిడేపల్లిలో నా ఫోన్‌లో అక్షరాలు పడుతుంటాయి. అది చూశాకే నేను టీ తాగుతాను.

నిన్న గుండ్రం లేదు.

నిద్ర పట్టి ఉంటుందిలే అనుకున్నాను. టీ చల్లారింది.

ఏడింటికి మరదలు సుజాత ఫోన్, సూర్యాపేట దవాఖాన నుంచి.
"వదినా, మీ తమ్ముడు లేరు వదినా."

గుండెపోటు. దారిలోనే అయిపోయిందట.

నలభై ఆరేళ్లు. నేను ఎత్తుకుని తిప్పినవాడు.

శీను డిగ్రీ కాలేజీలో లెక్చరర్ అని ఈ గ్రూప్‌లో మీకందరికీ తెలుసు. వరి కాండం తొలిచే మొగి పురుగు మీద పేపర్ రాస్తున్నాడనీ తెలుసు. చెప్పకుండా ఎవరినీ వదల్లేదు కదా.

పోయిన యాసంగి పంటకు మా పొలం గట్టు మీద ఒక బల్బు కట్టి, కింద సబ్బునీళ్ల బేసిన్ పెట్టాడు. వెలుగుకు వచ్చి పడిన రెక్కల పురుగుల్ని పొద్దున్నే లెక్కపెట్టి ఆన్‌లైన్ పట్టికలో వేయడం నా పని. ఏ రోజుల్లో పురుగు ఎక్కువ పడుతుందో తెలిస్తే, రైతు మందు ఎప్పుడు కొట్టాలో చెప్పొచ్చు. వాడి పేపరంతా అదే.

ఫోన్‌లో అన్నీ నేర్పింది వాడే. ఒకసారి నా వేలు తగిలి పేపర్లో ఒక పేజీ మొత్తం ఎగిరిపోయింది. భయపడి ఫోన్ చేస్తే ఒకటే నవ్వు.

"పరేషాన్ గాకే అక్కా. ఇందుల పోయిందేది పోదు. ఎవరు, ఎప్పుడు, ఏం రాసిండ్రో అంతా దాస్కుంటది. అచ్చం నీ లెక్కనే, ఏది మరువదు."

జర్నల్ వాళ్లిచ్చిన టెంప్లేట్ కూడా చూపించాడు.

"ఇది దర్జీ గీసిచ్చిన గుడ్డ అసొంటిది. యాడ ఏం రావాల్నో వాళ్లే గీసిండ్రు. ఇగ మనం కుట్టుడే."

ఆ టెంప్లేట్ చివర, ఎవరు ఏ పని చేశారో రాసే చోటు ఉంటుంది. అక్కడ నా పేరు వేశాడు. పదో తరగతి చదివినదాని పేరు ఎందుకురా అన్నాను.

"పొద్దుగాల లేసి పురుగుల్ని లెక్కవెట్టింది నువ్వా, మా ప్రిన్సిపాలా?"

దాని కింద టెంప్లేట్‌లోనే ఒక వాక్యం ఉంది. ఇందులోని అంకెలన్నీ నిజంగా లెక్కపెట్టినవే అని. వాడే తెలుగులో చదివి చెప్పాడు.

ఊఁ అన్నాను.

ఇప్పుడు చెప్పాల్సింది చెబుతాను.

ఆ యాసంగిలో పదకొండు రోజులు నేను ఊళ్లో లేను. భజన మండలితో యాత్రకు వెళ్లాను. శీనుకు చెప్పలేదు. చెబితే ఆగమంటాడని.

తిరిగొచ్చిన పొద్దున, పూజ చేసుకుని మరీ, పదకొండు గడులూ నింపేశాను. వెళ్లే ముందు రోజు లెక్క, వచ్చిన రోజు లెక్క చూసుకుని, మధ్యలో మెట్లు కట్టినట్టు.

తర్వాత వాడు గ్రాఫ్ గీసి ఇదే ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టాడు, గుర్తుందా? మీరంతా చప్పట్లు కొట్టారు.

"అక్కా, సూసినవా, గీత ఎంత నున్నగ ఎక్కిందో!"

నున్నగా ఎక్కింది నా అబద్ధం.

అప్పటినుంచి రోజూ ఫైల్ తెరిచింది ఆ మాట చెబుదామనే. కామెంట్ పెట్టే చోట "శీనూ, ఒక మాట" అని కొట్టి చెరిపేసేదాన్ని. వాడికి నా గుండ్రం కనిపించేది. పక్కనే "టీ తాగినవా?" అని పడేది.

"తాగుతున్నా" అని రాసి మూసేసేదాన్ని.

పదకొండు గడులూ ఒకే పొద్దున, పది నిమిషాల్లో నిండాయని ఆ పట్టిక దాచుకునే ఉంటుంది. వాడు చూశాడో లేదో ఇక నాకు తెలియదు. అక్క లెక్కను తనిఖీ చేసే మనిషి కాదు వాడు.

నిన్న సాయంత్రం, కోదాడలో దహనం అయ్యాక, వాడితో కలిసి పేపర్ రాస్తున్న పద్మజ మేడం మిర్యాలగూడ నుంచి వచ్చారు. సుజాత చేయి పట్టుకుని, "సోమవారమే ఆఖరు తేదీ. సార్ అంతా పూర్తి చేసి పెట్టారు. పంపేయమంటారా?" అని అడిగారు.

అప్పుడు చెప్పాను. అందరి ముందు.

పెద్ద తమ్ముడు వెంకన్న తల ఎత్తలేదు. "పోయినోడు పోయిండు. ఎవరికి దెలుస్తదే అక్కా. వాని పేరన్న రానీ."

సుజాత వెంకన్న వైపు తిరిగింది.
"వద్దు బావగారూ. ఆ గీత చూసి ఏ రైతన్నా తప్పు రోజున మందు కొడితే? ఆయన్ని నమ్మే కదా కొట్టేది."

నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

సోమవారం పంపడం లేదు. మేడం మా ముందే ఆ పదకొండు గడులూ ఖాళీ చేశారు. గీత మధ్యలో తెగింది. లెక్కపెట్టలేదు అని పక్కన నా చేత్తోనే రాయించారు. వచ్చే యాసంగిలో బల్బు మళ్లీ కడతాం. పంట అయ్యాకే, శీను పేరు ముందు పెట్టి పేపర్ పంపుతాం.

లెక్క వెంకన్నకు అప్పజెప్పమన్నాను. సుజాత ఒప్పుకోలేదు.

"మీరే పెట్టండి వదినా. ఒక్క రోజు కూడా వదలకుండా."

సరే అన్నాను.

శీనూ, నీకు చెప్పాల్సింది వీళ్లకు చెప్పాను.
ఇవాళ టీ తాగలేదురా.
ఆ దేవుడు నీకు శాంతినివ్వాలి. నా సంగతి తర్వాత.