గాలి పోయే తొవ్వ

మా పాత డీజిల్ కారు బతుకంతా ఇంటి నుంచి కిరాణా దుకాణానికి, దుకాణం నుంచి ఇంటికి తిరగడంతోనే గడిచింది. బీదర్‌లో మాకు అంతకన్నా దూరం పనేముంటుంది? ఇంజన్ సరిగ్గా వేడెక్కకముందే ఆపేస్తుంటే లోపల మసి పేరుకుంటుందట. ఆ సంగతి నాకు హైదరాబాద్ దారిలో మన్నాఏఖేళ్ళి దాటాక వచ్చే ఎత్తు మీద తెలిసింది.

ఆ రోజు అక్కను స్కానింగ్‌కి హైదరాబాద్ తీసుకెళుతున్నాను. భర్త పోయాక మా ఇంటికే వచ్చేసి, దుకాణంలో మిరపకాయలూ పసుపూ చూసుకుంటూ ఉండిపోయిన అక్క. కొన్ని నెలలుగా నాలుగడుగులు వేస్తే చాలు, ఆయాసం. ఎత్తు మొదలవగానే కారు మొరాయించింది. ఎంత తొక్కినా లాగదు, వెనకంతా నల్లటి పొగ. సరుకు లారీలు కూడా హారన్ కొట్టి మరీ మమ్మల్ని దాటిపోయాయి.

"నీ బండికి గూడ నా లెక్కనే దమ్ము వట్టిందిరా," అంది అక్క. నవ్వబోయి దగ్గింది. నాకు ఒళ్లు మండిపోయింది, ఎవరి మీదో మాత్రం తెలియలేదు.

స్కానింగ్ అయ్యాక, రిపోర్టు చూసి ఫోన్ చేస్తానన్నాడు డాక్టరు. మర్నాడు కారును మా ఊరి పక్కనే ఉన్న కొల్హార్‌లో ఒక మెకానిక్‌కి అప్పగించి వచ్చాను. మధ్యాహ్నం అన్నం తింటుంటే ఫోన్ మోగింది. కుడిచెయ్యి ఎంగిలి, అందుకని స్పీకర్ పెట్టాను.

"అన్నా, ఇప్పి చూసిన. లోపలంత మసే. గాలి వోయే తొవ్వ మొత్తం మూసుకవోయింది. ఇన్ని దినాలు ఎట్ల నడిచిందో ఏమో! సాఫ్ జేస్త గని, మునుపటి లెక్క అయితదని మాత్రం చెప్పలేను."

ఎదురుగా అక్క చేతిలో ముద్ద ఆగిపోయింది.

"డాక్టర్ సాబే గద తమ్మీ?" అంది మెల్లగా.

"అయ్యో అక్కా, మెకానిక్! మన బండి ముచ్చట!"

అప్పుడు నవ్వింది చూడండి, కళ్లలో నీళ్లొచ్చేదాకా. నేనూ నవ్వాను. అవతల మెకానిక్ "ఏమైందన్నా?" అని అడుగుతూనే ఉన్నాడు. ఆ పూట అక్క ఎప్పటికన్నా కాస్త ఎక్కువే తింది.

సాయంత్రం వెళితే మెకానిక్ ఇంజన్‌లోకి గాలి వెళ్లే గొట్టం విప్పి చూపించాడు. వేలు కూడా దూరనంత సందు. మందు నీళ్లలో నానబెట్టి గీకుతుంటే మసి పెచ్చులు పెచ్చులుగా ఊడి పడింది. డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు కూడా తీసి కడుగుతానన్నాడు. చూస్తున్నంతసేపూ నాకు అక్క ఛాతీయే గుర్తుకొచ్చింది. ఆ మాట అతనితో అనడానికి సిగ్గేసి, టీ తాగి వచ్చేశాను.

కారు ఇంటికొచ్చింది. పొగ లేదు, ఇంజన్ చప్పుడు కూడా నెమ్మదించింది. అక్కను ఎక్కించుకుని ఊరి బయటిదాకా ఒక చుట్టు తిప్పాను. "ఇగ మంచిగ గుంజుతాందిరా," అని ఎంత సంబరపడిందో! తనకే నయమైనట్టు.

మర్నాడు పొద్దున ఆమె వాకిట్లో కూర్చుని ఉంటే డాక్టరు ఫోన్ చేశాడు. లోపలి గదిలోకి వెళ్లి ఎత్తాను.

"ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయండీ. చెడిపోయింది మళ్లీ బాగుకాదు. మందులతో ఇంకా ముదరకుండా చూద్దాం. అది కూడా కొంతవరకే."

"శుభ్రం చెయ్యడానికేమీ ఉండదా డాక్టర్ గారూ?" అని అడిగాను. ఎంత తెలివితక్కువ ప్రశ్నో అడుగుతున్నప్పుడే తెలుసు. "లేదండీ" అన్నాడు ఆయన.

ముఖం కడుక్కుని బయటికి వచ్చాను.

"ఎవలురా ఫోన్ల?"

"మెకానిక్, అక్కా."

"ఏమంటుండు?"

"లోపల మసి ఇంకా మిగిలిందంట. పూరా సాఫ్ కాదంట. ఇగ జర మెల్లగ నడుపుకొమ్మన్నడు."

అక్క గేటు ముందున్న కారు వైపు చాలాసేపు చూసింది. నేను ఎటు చూడాలో తెలియక చేతిలోని ఫోన్ వైపు చూస్తూ నిలబడ్డాను.

"బండి మంచిగనే ఉన్నది గదరా తమ్మీ," అంది, నా చెయ్యి పట్టుకుని.