గేటు అవతలి నవ్వు

సహోదరులారా, సహోదరీలారా, నేను ఏడో తరగతి మూడేళ్లు చదివాను. ఆ లెక్కన తొమ్మిదో తరగతి పాసైనట్టే అని నా భార్య రూతుతో వాదించేవాణ్ణి, ఆమె నవ్వి ఊరుకునేది. ఈమధ్య ఎక్కడికి వెళ్లినా పాస్టరు గారు నన్ను పార్లమెంటు చూసొచ్చిన ఏసోబు అని పరిచయం చేస్తున్నారు, అది కూడా అలాంటి పాసే! మా ఎంపీ గారు లోపలికి పోయేవారు, ఆయన ఫైళ్లు లోపలికి పోయేవి, నేను మాత్రం బయట ఎండలో నిలబడి గోడలు చూసేవాణ్ణి.

నవ్వండి, ఫర్వాలేదు. నా బతుకంతా నవ్వించడమే. కానీ ఈ సాక్ష్యం ఒక నవ్వు గురించే, అది వినడానికి మీకు కష్టంగా ఉంటుంది, చెప్పడానికి నాకు అంతకన్నా కష్టంగా ఉంది.

మా నాన్న బాయిలో, అంటే గనిలో, బొగ్గు తవ్వినవాడు, నమ్మకస్థుడైన క్రైస్తవుడు. నేను డ్యూటీకి పనికిరాలేదు, మందుకు పనికొచ్చాను. మా పల్లెకూ గోదావరిఖనికీ మధ్య ఒక రైల్వే గేటు ఉంది. బొగ్గు గూడ్సు వచ్చి సిగ్నల్ కోసం ఆగిందంటే గేటు పడ్డది పడ్డట్టే ఉంటుంది, ఇవతలివాళ్లు ఇవతల, అవతలివాళ్లు అవతల. ఖని వైపు గేటు పక్కనే ఒక కల్లు దుకాణం ఉండేది. ఒక మధ్యాహ్నం నేను అక్కడ కూర్చున్నాను, బొగ్గు కోసం కోస్తా నుంచి వచ్చిన ఇద్దరు లారీ డ్రైవర్లు నాకు తోడు. గూడ్సు ఆగి ఉంది. డబ్బాల సందులోంచి పట్టాలకు అటువైపు ఒక ఆటో ముందు చక్రం కనబడుతోంది.

"గేటు తీసేలోపు గా ఆటోల ఉన్నోళ్లకు మనుమలు పుడ్తరు!" అన్నాను నేను.

డ్రైవర్లు పడి పడి నవ్వారు, నేను వాళ్లకన్నా గట్టిగా నవ్వాను. సహోదరులారా, ఆ ఆటోలో ఉన్నది నా రూతు! గుండెలో నొప్పి వచ్చి, వాళ్లమ్మ మార్తమ్మ ఒళ్లో తల పెట్టుకుని, చెమటలు కక్కుతూ ఉంది. చాలాసేపటికి గూడ్సు కదిలింది, గేటు లేచింది, ఆ ఆటో నా ముందునుంచే పోయింది, నేను తలెత్తి కూడా చూడలేదు. ఎవరో పరుగెత్తుకొచ్చి చెబితే దవాఖానకు పోయాను, అప్పటికే తెల్లగుడ్డ కప్పారు. కొంచెం ముందు తెస్తే ప్రయత్నం చేసేవాళ్లం అన్నారు డాక్టర్లు.

"ఎక్కడికి పోయినవ్ బిడ్డా?" అని అడిగింది మా అత్త. నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు, "కరీంనగర్ పోయిన అత్తా, ఎంపీ సాబ్ పని మీద, గీ గేటు దరఖాస్తు కోసమే పోయిన" అన్నాను. అప్పటికే నేను ఎంపీ గారి వెంట తిరిగేవాణ్ణి, సభల్లో జనాన్ని కూర్చోబెట్టడం, ఆయన వచ్చేదాకా నవ్వించడం నా పని. నన్ను పీఏ సారు పంపాడని ఎంపీ గారు అనుకున్నారు, ఎంపీ గారే పంపారని పీఏ సారు అనుకున్నాడు, డ్రైవర్లు ఆ సాయంత్రమే బొగ్గు నింపుకుని పోయారు. నా అబద్ధం అంత చక్కగా కుదిరింది!

ఊరంతా జాలిపడింది. మా అత్త అయితే నన్ను దగ్గర కూర్చోబెట్టుకుని, అన్నం కలిపి పెట్టి, "నువ్వు ఊళ్లె ఉంటే డబ్బాల కిందికెల్లి దూరి ఎత్తుకపోదువు బిడ్డా, మంది పని మీద పోయినవ్, నీ తప్పేమున్నది" అనేది. ఆ తర్వాత ప్రతిసారీ ఒకే మాట చెప్పేది. "ఓ దిక్కు నా బిడ్డ పానం పోతాంది, గేటవతల ఎవ్వడో పకపక నవ్విండు ఏసోబూ. గా నవ్వు నా చెవులల్లకెల్లి పోతలేదు."

ఆ అన్నం సగంలోనే వదిలేసి లేచేవాణ్ణి. మెల్లగా ఆమె ఇంటికి పోవడం మానేశాను, తర్వాత సంఘానికి పోవడం మానేశాను, ఎందుకంటే అక్కడా ఆమె ఉంటుంది. ఎవరూ నన్ను వెలివేయలేదు, నన్ను నేనే వెలివేసుకున్నాను. చాయ్ హోటల్లో పదిమందిని నవ్వించి, ఇంటి తాళం తీసేసరికి నా మొహం మీద నవ్వు ఇంకా అలాగే ఉండేది, చూసేవాళ్లు లేక దాన్ని ఏం చేయాలో తెలిసేది కాదు. అప్పుడు సీసా తీసేవాణ్ణి.

ఎంపీ గారు మంచి మనిషి, వ్యవసాయదారుడు, ఒంటరిగా చెడిపోతున్నానని నన్ను తన వెంట ఢిల్లీకి తీసుకుపోయారు. అక్కడ ఇంకా చెడిపోయాను! ఆయన క్వార్టరు వెనక ఒక గది నాది. తెలుగు రాని ఊళ్లో నవ్వించేవాడు మూగవాడితో సమానం. తోటమాలికి ఒక జోకు తెలుగులో చెప్పాను, అతను తలూపి నాకు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. రోజుల తరబడి నా పేరు పెట్టి పిలిచేవాళ్లు ఉండేవారు కాదు. అక్కడ సీసాతోనే మాట్లాడేవాణ్ణి.

అలా రూతు పోయి మూడో ఏడు నడుస్తుండగా, పార్లమెంటు సమావేశాల్లో మా గేటు సంగతి ఎత్తుతానన్నారు ఎంపీ గారు. గేటు దగ్గర వంతెన కావాలని మా జనం ఎన్నేళ్లుగానో అడుగుతున్నారు. అక్కడ జీరో అవర్ అని ఒకటి ఉంటుందట, సున్నా గంట, వినగానే నా లెక్కల పరీక్ష గుర్తొచ్చింది. పొద్దున్నే పేరు ఇవ్వాలి, పిలిస్తే లేచి రెండు మూడు నిమిషాల్లో ముగించాలి. పీఏ సారు కాగితం రాసి, బాగుందా ఏసోబూ అని నాకు చదివి వినిపించాడు. ఆయన జ్యోతినగర్ ఉద్యోగుల కాలనీలో పెరిగిన చదువుకున్నాయన, చక్కగా రాస్తాడు. "ప్రజల పని మీద ఊరు విడిచి వెళ్లిన మా కార్యకర్త ఒకరు తిరిగి వచ్చేసరికి, ఈ గేటు దగ్గర ఆలస్యమై ఆయన భార్య ప్రాణాలు విడిచింది" అని ఉంది అందులో.

"నీ పేరు లేదులే, కానీ ఇది నీ రూతుకు ఇచ్చే గౌరవం. సభలో అన్న ప్రతిమాటా అచ్చవుతుంది, ఎప్పటికీ ఉంటుంది" అన్నాడాయన.

ఊళ్లో చెప్పిన అబద్ధం నాతోపాటు మట్టిలో కలుస్తుంది అనుకున్నాను, ఇది కలవదు! నా రూతు చావు నా అబద్ధంతో కలిపి అచ్చయిపోతుంది. గదిలోకి పోయాను, సీసా ఉంది, తీయలేదు. చల్లని ఆ గచ్చు మీద మోకాళ్లూని, ఏళ్ల తర్వాత నోరు తెరిచాను. "ప్రభువా, నాకు ప్రార్థన రాదు. రూతుకు వచ్చు, ఆమె లేదు. జోకులొచ్చు, అవి నీకు వద్దు. ఆ రోజు నవ్వింది నేనే. నీకు తెలుసు. ఇంకొకరికి చెప్పే ధైర్యం ఇయ్యి, లేకపోతే నన్ను తీసుకుపో!" ఇంతే. మెరుపు మెరవలేదు, గొంతు వినబడలేదు. కానీ ఆ గదిలో నేను ఒక్కణ్ణి కాదని తెలిసింది, మూడేళ్లలో మొదటిసారి! దేవునికే మహిమ!

లేచి తిన్నగా ఎంపీ గారి దగ్గరికి పోయాను. టిఫిను చేస్తున్నారు.

"అన్నా, కాయితంల ఒక్క ముక్క అబద్ధమున్నది."

"ఏందిరా అది?"

"నేను ఊరిడిసి పోలే. గేటు కాడనే ఉన్న. తాగి ఉన్న."

ఆయన చెయ్యి ఆగిపోయింది. "మరి వీన్ని కరీంనగర్ నువ్వు తోలలే?" అని పీఏ సారు వైపు చూశారు. "నేను కాదండీ, మీరే పంపారనుకున్నాను" అన్నాడు పీఏ సారు. ఎంపీ గారు పళ్లెం పక్కకు జరిపారు.

"మూడేండ్ల సంది గిది కడుపుల పెట్టుకొని మమ్ముల నవ్విస్తున్నవారా?"

తిడతారనుకున్నాను, తిట్టలేదు. కాగితం తీసుకుని ఆ వాక్యం తనే కొట్టేశారు. "గేటుకు ఇవతల పెండ్లాం, అవతల మొగడు, నడుమ గూడ్సు. గింతే చెప్త, గిది నిజం. తాగిన సంగతి పార్లమెంటుకు ఎందుకురా? అది మీ సంఘంల చెప్పుకో, మీ అత్తకు చెప్పుకో."

ఆ మధ్యాహ్నం వెనక గదిలో టీవీ ముందు కూర్చున్నాను. ప్రత్యేక రాష్ట్రం కోసం సభలో రోజూ గోల జరిగే కాలం అది, ఆ కాసేపు సభ నెమ్మదిగా ఉండడమే నాకొక అద్భుతం! ఆయన తెలుగులో చెప్పారు, అదే మాట చెప్పారు, బెల్లు మోగింది, కూర్చున్నారు. అంతే. తర్వాత ఒక జవాబు ఉత్తరం వచ్చింది, కొలతలవాళ్లు వచ్చి కట్టెలు పాతిపోయారు. రాష్ట్రం వచ్చింది, వంతెన ఇంకా రాలేదు. ఎంపీ గారికి ఇప్పటికీ గుర్తు చేస్తూనే ఉన్నాను, మీరూ ప్రార్థించండి.

మందు మానడం ఒక్కరోజు పని అని నేను మీకు అబద్ధం చెప్పను, ఇక అబద్ధాలు చాలు. వారం రోజులు చేతులు వణికాయి, చాయ్ గ్లాసు పట్టలేకపోయాను, పిచ్చి కలలు వచ్చాయి. మోకాళ్ల మీదే ఉన్నాను. ఆ తర్వాత ఈనాటి వరకు చుక్క ముట్టలేదు, నా బలం కాదు, ఆయన కృపే!

సహోదరులారా, మీలో ఎవరైనా నవ్వుతూ తిరుగుతూ ఇంట్లో ఒంటరిగా కుళ్లిపోతున్నారా? నా మాట వినండి. దేవుడు మీ నవ్వు వెనక ఉన్నదాన్ని ఎప్పుడో చూశాడు, చూసి కూడా వదిలిపెట్టలేదు. ఆయన దగ్గర దాచడానికి ఏమీ లేదు, అందుకే ఆయన దగ్గరే విశ్రాంతి ఉంది. ఈ రోజే నమ్మండి, రేపటికి వాయిదా వేయకండి. చదువురాని ఈ తాగుబోతును లేవనెత్తినవాడు మిమ్మల్ని వదిలేస్తాడా! ఆయనకే స్తోత్రం.

ఊరికి తిరిగొచ్చాక ఒక ఆదివారం ఈ సాక్ష్యం మొదట మా సంఘంలో చెప్పాను. ముందు వరుసలో చాప మీద మా అత్త కూర్చుని ఉంది. జోకు చెబుతానని అందరూ ముందే నవ్వుమొహాలు పెట్టుకున్నారు. "గేటవతల నవ్వింది నేనే అత్తా" అన్న మాట దగ్గరికి రాగానే ఆమె లేచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి పోయింది. మిగతాది నేను తలుపు వైపు చూస్తూ చెప్పాను. ఆరాధన అయ్యాక చూస్తే మెట్ల మీద ఒక్కతే కూర్చుని ఉంది. దగ్గరికి పోయి, రెండు మెట్లు కింద కూర్చున్నాను.

"దేవుడు నన్ను మాఫ్ చేసిండత్తా. నువ్వు చేస్తవా?" అన్నాను.

ఆమె నావైపు చూడకుండానే అంది: "దేవుడు పెద్దోడు, జల్ది మాఫ్ జేస్తడు. నేను ముసల్దాన్ని, నాకు మస్తు రోజులు వడ్తది. అప్పటిదాంక ఐతారం ఐతారం ఇంటికొచ్చి తినిపో."