బూట్ల పెట్టెలో కార్జం

సెల్మా ఊరు దాటాక, మాంట్‌గమరీ వెళ్ళే చర్చి బస్సులో పాటలు ఆగిపోయాయి. ఒజెల్లా టార్వర్ ఒళ్ళోని బూట్ల పెట్టె మూత మళ్ళీ సర్దింది. నల్లవాళ్ళకి హోటళ్ళలో తిండి పెట్టని రోజుల నుంచీ ఆమె ప్రయాణాల్లో అన్నం బూట్ల పెట్టెలోనే. ఇవాళ అందులో వేయించిన కోడి కార్జం ఉంది.

"అత్తా, దాన్నెవరూ ఎత్తుకుపోరులే. కాస్త వదులు," అంది రెనెటా.

"ఆకలేస్తే నువ్వే ముందు చెయ్యి పెడతావు."

రెనెటా, ఒజెల్లా అన్న లెవరెట్‌కి కూతురు. తండ్రిని చంపిన మూడు నెలలకి పుట్టింది. కొన్నేళ్ళకి తల్లి మరో పెళ్ళి చేసుకుని డెట్రాయిట్ వెళ్ళిపోతే ఒజెల్లాయే పెంచింది. ఇప్పుడు మోకాళ్ళు అరిగిపోయిన అత్తకి స్నానం చేయించేదీ, మందులిచ్చేదీ రెనెటాయే. ఒజెల్లాకి వేరే ఎవరూ లేరు.

లెవరెట్ శవం దొరికిన మలుపు దగ్గర బస్సు ఆగింది. అతని పేరు చెక్కిన రాయిని అక్కడ కొత్తగా పాతారు. ఓట్ల జాబితాలో నల్లవాళ్ళ పేర్లు రాయించాడని తెల్లవాళ్ళు అతన్ని చంపారు. చర్చివాళ్ళంతా రాయి చుట్టూ చేరాక రెనెటా మైకు తీసుకుంది.

"మా నాన్న తొమ్మిది రోజులు నాయనమ్మ ఇంటి వెనక పత్తి కొట్టంలో దాక్కున్నాడు. పదో రోజు మనవాడే ఒకడు షెరిఫ్ మనుషులకి చెప్పేశాడు. పేరెందుకు, మీకందరికీ తెలుసు."

"తెలియకేం? ఆ రక్తమే ఇవాళ మన బస్సు నడుపుతోంది," అన్నారెవరో వెనక నుంచి. నలుగురు నవ్వారు.

డ్రైవరు ఆల్టన్, అప్పటి చర్చి పెద్ద డీకన్ మిమ్స్‌కి మనవడు. లెవరెట్ దొరికిపోయిన రోజు మిమ్స్ బండి షెరిఫ్ ఆఫీసు ముందు కనిపించింది. అంతకు మించి రుజువేమీ లేదు. ఆల్టన్ నవ్వు విననట్టే బస్సు అద్దం తుడుస్తున్నాడు. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తున్నాడు.

ఒజెల్లా చేతికర్ర ఊనుకుని రాయి దగ్గరికి నడిచింది.

"మిమ్స్ కాదు," అంది. "నేను."

రెనెటా మైకు దించింది. "ఎండకి తల తిరుగుతోందా అత్తా? కూర్చో."

"అమ్మ హార్‌గ్రోవ్ దొరసానింట్లో వంట చేసేది. మిగిలింది గిన్నెలో ఇంటికి తెచ్చుకునేవాళ్ళం. ఆ రోజు అమ్మకి జ్వరమొస్తే నేను వెళ్ళాను. నాకు పన్నెండేళ్ళు. గిన్నెలో కార్జం కూడా వెయ్యమని అడిగాను. అమ్మా నేనూ కార్జం ముట్టమని దొరసానికి తెలుసు. 'లెవరెట్ ఇంటికొచ్చాడా తల్లీ?' అంది నవ్వుతూ. దొరసాని అడిగితే అవునండీ అనాలని అమ్మ నేర్పింది. అన్నాను. ఆమె ఇంకో రెండు ముక్కలు వేసింది."

ఇందాక నవ్విన నలుగురూ నేల చూపులు చూశారు.

"అన్న అవి తిన్నాడు," అంది ఒజెల్లా. "తిన్నాకే వచ్చారు వాళ్ళు."

"ప్రతి ఏడూ మా నాన్న పోయిన రోజున నాకు అదే వండిపెట్టావు," అంది రెనెటా. ఆమె గొంతు పెరగలేదు. "'మీ నాన్నకిష్టం, ఇంకో ముక్క వేసుకో' అనేదానివి."

"ఆయనకి ఇష్టమే రెనెటా."

రెనెటా మైకు పాస్టరు చేతిలో పెట్టి బస్సెక్కింది. తక్కినవాళ్ళూ ఒక్కొక్కరే ఒజెల్లాని తప్పించుకుంటూ ఎక్కారు. చివరికి ఆమె తలుపు దగ్గరికి వచ్చింది. మెట్టు ఎత్తుగా ఉంది. వచ్చేటప్పుడు ఆమెని చెయ్యి పట్టి దించింది ఆల్టనే. ఇప్పుడు తలుపు పక్కనే నిలబడ్డాడు, చేతులు జేబుల్లో పెట్టుకుని.

"మా తాత పోతే గుంట తవ్వడానికి కూడా ఒక్కరు రాలేదు," అన్నాడు. "మా నాన్నే తవ్వాడు. మీరు అప్పుడు మా వీధి చివరే ఉండేవారు కదా, అమ్మా?"

"ఉండేదాన్ని."

ఆల్టన్ తలూపి తన సీట్లోకి వెళ్ళాడు. ఒజెల్లా కమ్మీ పట్టుకుని, మోకాలు చేత్తో ఎత్తి మెట్టు మీద పెట్టుకుని, మూడో ప్రయత్నానికి ఎక్కగలిగింది.

రెనెటా కిటికీ వైపు జరిగి కూర్చుంది. పక్క సీట్లో, ఒజెల్లా కూర్చునే చోట, ఆమె దిగేటప్పుడు వదిలిన బూట్ల పెట్టె ఉంది. అత్త వచ్చి నిలబడినా దాన్ని తియ్యలేదు.

"ఎక్కడో ఒకచోట కూర్చోండి," అన్నాడు ఆల్టన్ అద్దంలో చూస్తూ. "మాంట్‌గమరీ ఇంకా దూరం."