టైపు మేడమ్ కొట్టిన రెండు పేర్లు

మా టైపు మేడమ్ పోయారు. మొన్న పొద్దున తెనాలి నుంచి అన్నయ్య రేపల్లెలో ఉన్న నాకు ఫోన్ చేసి చెప్పాడు. దొరికిన బండెక్కి తెనాలి వెళ్ళాను. 

రోజూ రేపల్లె పాసింజరెక్కి తెనాలి వెళ్ళి, మోరీస్‌పేటలో ఆవిడ ఇన్‌స్టిట్యూట్‌లోనే టైపు లోయరు పరీక్ష పాసయ్యాను. తప్పు కొడితే కేకలేసేవారు కాదు. కాగితం లాగేసి, "మళ్ళీ మొదట్నుంచి కొట్టమ్మాయ్, వేళ్ళే నేర్చుకుంటాయి" అనేవారు. ఎవరైనా అర్జీ చిత్తుప్రతి తెస్తే, అందులో "దయతలచి" అన్న మాట ఎక్కడుందో వెతికి మరీ ఎర్రసిరాతో కొట్టేసేవారు. ఈవిడకింత పొగరేంటా అని నవ్వుకునేదాన్ని.

పాసయిన సంబరం తీరకముందే మా ఇంటి మీద పిడుగు పడింది. గల్ఫ్‌లో లారీ నడిపే అన్నయ్యని ఏదో యాక్సిడెంట్ కేసులో జైల్లో పెట్టారని అక్కణ్ణుంచి వచ్చినాయన ఒకరు చెప్పారు. ఉత్తరాలు ఆగిపోయాయి. అక్కడి మన ఎంబసీకి అర్జీ నేనే కొట్టాను. టైపు వచ్చన్న గర్వం కదా, మేడమ్‌కి చూపించను కూడా లేదు. కొన్నాళ్ళకి జవాబొచ్చింది. యోహాను అనే పేరుతో ఆ జైళ్ళలో ఎవరూ లేరట.

అమ్మ "లేడంటే పోయినట్టేగదే" అంది. జ్ఞాపకార్థ కూడికకి పాస్టరుగారితో మాట్లాడమంది. నాకు మనసొప్పలేదు. అమ్మని వెంటబెట్టుకుని మేడమ్ దగ్గరికి వెళ్ళాను.

ఆవిడ ఆ జవాబు రెండుసార్లు చదివి, "పాస్‌పోర్టులో పేరేంటమ్మాయ్?" అన్నారు.

తప్పెక్కడో అప్పుడు తెలిసింది. యోహాను చర్చిలో పెట్టిన పేరు. బడి రికార్డులో, పాస్‌పోర్టులో అన్నయ్య వెంకట్రావు. మావాళ్ళలో చాలామందికి ఇలా రెండు పేర్లుంటాయి. కాగితాల మీది పేరుతో వాణ్ణి ఇంట్లో ఎవరూ ఏనాడూ పిలవలేదు. నేను అమ్మ పిలిచే పేరే కొట్టి పంపాను.

మేడమ్ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. మిషన్లోకి కాగితం ఎక్కించి వెంకట్రావు అని కొట్టారు. పక్కన అలియాస్, ఆ పక్కన యోహాను.

అమ్మ చేతులు జోడించి, "దొరలు దయచూపాలని రాయండమ్మగారూ" అంది.

"దయ కాదమ్మా. పరాయి దేశం జైల్లో ఉన్నా సరే, మన ఎంబసీవాళ్ళు వెళ్ళి చూడొచ్చు, మాట్లాడొచ్చు, లాయర్ని చూసిపెట్టొచ్చు. ఆ దేశంవాళ్ళు కాదనకూడదు. అది మీవాడి హక్కు. హక్కుని అడుక్కోకూడదండి."

ఈసారి జవాబులో మనిషిని కలిశామని ఉంది. బతికే ఉన్నాడు. ఆ ఒక్క వాక్యం అమ్మ నాచేత ఎన్నిసార్లు చదివించుకుందో. ఆ రోజు అన్నం తింది.

అక్కడ జరిగింది తర్వాత అన్నయ్య చెప్పాడు. ఆఫీసరు వెంకట్రావు అని పిలిస్తే బడిలో హాజరుకి లేచినట్టు లేచి నిలబడ్డాడట. ఆయన కాగితం చూసుకుని, "యోహాను అంటే కూడా నువ్వేనా?" అన్నాడట. "అమ్మే పిలిచినట్టయింది చెల్లాయ్, ఏడుపాగలేదు" అన్నాడు అన్నయ్య.

శిక్ష పూర్తిచేసుకుని వాడు వచ్చేసరికి అమ్మ లేదు. కానీ కొడుకు ఉన్నాడని తెలిసే పోయింది. అది మేడమ్ వల్లేనని ఆవిడతో ఒక్కసారైనా చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఇప్పుడు ఏడ్చి ఏం లాభం?

అంత్యక్రియలయ్యాక, బాపట్ల నుంచి వచ్చిన మేడమ్ కూతురు మరణ ధ్రువపత్రానికి అర్జీ కొట్టిపెట్టమంది. కంప్యూటర్లొచ్చి పిల్లలు మానేశాక ఇన్‌స్టిట్యూట్‌లో మిగిలిన ఒక్క మిషన్‌కి ముసుగు తీశాను. రికార్డులో ఉన్న పేరు కొట్టాను.

పక్కనే నిలబడ్డ అన్నయ్య, "చిన్నప్పుడు మేడమ్‌ని ఇంట్లో ఏమని పిలిచేవారమ్మా?" అని అడిగాడు.

ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "అమ్మమ్మ ఏదో ముద్దుపేరుతో పిలిచేదట. ఆ పేరు తెలిసినవాళ్ళు ఇప్పుడెవరూ లేరన్నయ్యా."

నా వేళ్ళు అప్పటికే అలియాస్ అని కొట్టేశాయి. ఆ పక్కనంతా తెల్లకాగితం.