చెవికందని ఈల

ఫిల్మ్ నగర్‌లో ఒక రికార్డింగ్ స్టూడియోకి నేను మెయింటెనెన్స్ ఇంజనీరుని. సౌండ్ మిక్సర్‌లోని పాత ఆంప్లిఫయర్ చిప్పులు బజారులో దొరకడం మానేశాక, ఇంకా వేగంగా పనిచేసే కొత్త రకం నేనే వేశాను. అందరూ మెచ్చుకున్నారు. కొన్నాళ్ళకు పై అంతస్తులో డబ్బింగ్ గది కట్టి, అక్కడికి పొడవాటి కేబుల్ లాగాం. అప్పటినుంచి గొంతులు గీరినట్టు రాసాగాయి. చిప్పులు ముట్టుకుంటే కాలేవి. పవర్ సప్లై మార్చాను, ఎర్తింగ్ చూశాను. లాభం లేదు.

అప్పుడే విజయవాడ నుంచి ఒకామె వచ్చి చేరింది. నా వయసే, నా ఉద్యోగమే. కరెంటు అలల్ని తెర మీద చూపించే స్కోపు తగిలించి ఒక్క మధ్యాహ్నంలో పట్టేసింది.

"చిప్పు ఈల వేస్తోందండీ, మన చెవికి అందనంత పై స్థాయిలో," అంది.

"మైకు బంద్ ఉన్నది గదా. ఈల ఏడికెల్లి వస్తది?" అన్నాను.

"అవుట్‌పుట్‌లో కొంత వెనక్కి తెచ్చుకుని, దాన్నిబట్టే చిప్పు తనను తాను సరిదిద్దుకుంటుంది కదండీ. ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ ఆ వెనక్కొచ్చేది ఆలస్యమవుతుంది. కేబుల్ ఇంకాస్త ఆలస్యం చేస్తోంది. తగ్గించాల్సింది కాస్తా పెంచుతోంది. ఆ ఈలకే చిప్పు వేడెక్కి, గొంతుల్ని పాడుచేస్తోంది."

కేబుల్ భారం నేరుగా చిప్పు మీద పడకుండా, రెండిటికీ మధ్య చిన్న రెసిస్టర్ ఒకటి అతికించింది. తెర మీద ఆడుతున్న అల చదునైపోయింది.

"గిది నీకెందుకు తట్టలే?" అన్నాడు ఓనరు, ఆమె ముందే.

కాలేజీలో ఆ పాఠంలో నాకు మంచి మార్కులే వచ్చాయి. అది తలచుకుంటే ఒళ్ళు ఇంకా మండింది. ఆ తర్వాత ఏది చెడినా సౌండ్ ఇంజనీర్లు, నేను ఎదురుగా కూర్చునుండగానే, "మేడం ఉన్నారా?" అని అడిగేవారు. ఆమె చాయ్‌కి పిలిస్తే పనుందనేవాణ్ణి. ఆమె బయటికి వెళ్ళగానే, ఆమె చేసిన ప్రతి సర్క్యూట్‌కూ స్కోపు పెట్టి చూసేవాణ్ణి. ఒక్క తప్పూ దొరకలేదు. కానీ అలా వెతికి వెతికి, ఏ చిప్పు ఎంత కేబుల్‌ని ఓర్చుకుంటుందో, అల అంచు ఎంత వణికితే ప్రమాదమో నాకు చేతికొచ్చింది.

ఒకరోజు ఆమె చూడనే చూసింది.

"నేర్చుకోవాలంటే నన్నే అడగొచ్చు కదండీ?"

"నేర్చుకుంటలేను. మీ తప్పులు దేవులాడుతున్న."

ఆమె నవ్వింది. "దొరికితే నాకూ చెప్పండి."

ఆ నవ్వు చూసి కూడా నా కడుపుమంట చల్లారలేదు.

మరుసటేడు జూబ్లీ హిల్స్‌లోని పెద్ద స్టూడియో ఆమెను చీఫ్‌గా తీసుకుంది. ఇక్కడ ఇంకో కొత్త గది నేనొక్కణ్ణే సిద్ధం చేశాను. చిప్పులు వేడెక్కలేదు, గొంతు స్వచ్ఛంగా వచ్చింది. ఓనరు హెడ్‌ఫోన్ తీసి, "మేడంకు ఫోన్ చేసి అడిగినవా?" అన్నాడు.

"లేదు సార్, నేనే చేసిన."

తలూపాడు గానీ, నమ్మినట్టు కనిపించలేదు.