తగిలేదాకా కళ్ళు కదపకండి

మాకు ఆర్చరీ నేర్పిన డ్రిల్లు మాస్టారు పోయారని మొన్న పొద్దున్నే నాన్న ఫోన్ చేశారు. "భూస్థాపనకి వస్తావు కదమ్మా, చర్చిలో ఆయన గురించి నిన్ను రెండు మాటలు చెప్పమంటున్నారు," అన్నారు. నాకు ఏడుపు కన్నా ముందు సిగ్గు ముంచుకొచ్చింది.

ఉప్పలగుప్తంలో మా బడి వెనక కొబ్బరితోటలో ఆయన గడ్డిమోపుకు పీచుతాళ్ళు బిగించి, పైన రంగుల కాగితం కట్టేవారు. పసుపు వలయం నడుమ ఒక చింతగింజ అంటించేవారు. "పసుపంతా చూడకండమ్మా, చెదిరిపోతారు. గింజని చూడండి. బాణం తగిలేదాకా కళ్ళు కదపకండి," అనేవారు. పిల్లలమైనా మమ్మల్ని 'మీరు' అనే పిలిచేవారు. నా చేతులు వణికితే మాత్రం ఏమీ అనేవారు కాదు. "వణుకు చేతులకే కదండీ, కళ్ళకి కాదు కదా!"

రాష్ట్ర పోటీల్లో అది కళ్ళకే వచ్చింది. బాణం వదిలీ వదలకముందే వెనక్కి తిరిగి నాన్న మొహం చూశాను. ప్రతిసారీ అంతే. చివరి బాణం టార్గెట్‌నే తాకలేదు. తిరుగు బస్సులో మాస్టారు వేరుసెనగలు ఒలిచి నా చేతిలో పెడుతూ, "మీ నాన్నగారి మొహమ్మీద చింతగింజేమైనా అంటించేనాండీ?" అన్నారు. నవ్వించాలనే అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. మళ్ళీ విల్లు ముట్టలేదు. ఆయన సైకిలు కనిపిస్తే సందులోకి తప్పుకునేదాన్ని. ఆయన మాత్రం నాన్న ఎదురైనప్పుడల్లా, "ఆయ్, అమ్మాయిగారి విల్లుకి కొత్త తాడు కట్టేనండి. ఎప్పుడొచ్చినా సిద్ధంగా ఉంటుందని చెప్పండి," అనేవారట. నేను ఒక్కసారీ వెళ్ళలేదు.

చర్చిలో మైకు ముందు నిలబడ్డాను. చేతులు వణికాయి, అది సరే. కళ్ళు మళ్ళీ మొదటి వరసలో నాన్న కోసం వెతికాయి. "మాస్టారు చాలా మంచివారు," అన్నాక ఇంకో మాట పెగల్లేదు. దిగి వచ్చేశాను. అంత ఓపికగా నేర్పిన మనిషికి నేనిచ్చింది ఆ మూడు ముక్కలా అని ఇప్పటికీ తల దించుకుంటున్నాను. అక్కడ చెప్పలేకే ఇక్కడ రాస్తున్నాను.

సమాధుల తోటలో పెట్టె దించారు. మూత మీది సిలువ నడుమ ఒక మేకు తల, చింతగింజంత, మెరుస్తోంది. పిడికెడేసి మట్టి వేసి జనం మళ్ళుతున్నారు.

"పదమ్మా, అందరూ వెళ్ళిపోతున్నారు," నాన్న వెనక నుంచి పిలిచారు.

నేను తిరగలేదు. ఆ మేకు మట్టితో పూర్తిగా కప్పుకుపోయేదాకా కళ్ళు కదపలేదు.